గొడుగు మేస్త్రి పరుగు తేల్చిన రేటు

ఈ సంగతి రాసిపెట్టక తప్పదని నాకు మొన్న అశ్వారావుపేటలో ఒక ఓణీల ఫంక్షన్లో తెలిసింది. భోజనాల దగ్గర మా గొడుగు మేస్త్రి నలుగురిని చుట్టూ కూర్చోబెట్టుకుని తన పాత పామాయిల్ కోత ముఠా కథలు చెబుతున్నాడు. "ఇన్సూరెన్స్ మేడం వచ్చిన నాడు నేను ఉరికిన్నని గీ పోరడు ఊరంతా చెప్పిండు గాని, నేను ఉరకలే. చేతులు కడుక్కుందామని వాగు కాడికి పోయిన, అంతే" అంటున్నాడు. నేను తినడం ఆపి అటు తిరిగాను. పాఠకులారా, ఆయన ఉరికాడు. చేతులు కడుక్కునేవాడు తినేముందు కడుక్కుంటాడు, లేదంటే తిన్నాక కడుక్కుంటాడు. ముద్ద నోట్లో పెట్టుకుని, చెప్పులు వదిలేసి, గొడుగు విప్పుకుని ఎవరూ కడుక్కోవడానికి పోరు. పెద్దాయన వయసును చూసి అక్కడ నోరు మూసుకున్నాను (మా అక్క నా మోకాలు గిల్లడం కూడా ఒక కారణం). కానీ ఆ పరుగు మామూలు పరుగు కాదు. మా ముఠాలో మనుషుల ఒళ్లకు, ఎముకలకు ఒక కంపెనీ పూచీ పడడమా లేదా అన్నది ఆ పరుగే తేల్చింది. దాన్ని చేతులు కడుక్కోవడం కింద మార్చేస్తే ఊరుకునేది లేదు.

ఆ రోజుల్లో నాకు ఇరవై దాటిన వయసు, ఇంటర్ దగ్గర ఆగిపోయిన చదువు, ఎక్కడా ఆగని చదువు పిచ్చి. భద్రాచలం అడవి అంచున ఉన్న మా పల్లె నుంచి సైకిలు తొక్కుకుంటూ మండల కేంద్రంలోని శాఖా గ్రంథాలయానికి పోయేవాణ్ని. అక్కడి లైబ్రరీ తాత ఏ పుస్తకాన్నయినా మోకాలికేసి రెండు దెబ్బలు కొట్టి, దుమ్ము దులిపి చేతికిచ్చేవాడు. నాకు ఇది ఇష్టం, అది ఇష్టం లేదు అన్న పట్టింపు ఉండేది కాదు. బీరువాలో ఏ వరుసలో ఉంటే ఆ వరుసలో చదువుకుంటూ పోయాను. కోళ్ల పెంపకం అయిపోయాక గ్రహాలు, గ్రహాలు అయిపోయాక కుట్టుపని, ఆ తరువాత ఇటుకంత మందమున్న బీమా పుస్తకం. అంతకుముందు దాన్ని ఎవరూ ఇంటికి తీసుకుపోలేదు. "ఇది తీస్కపోయి ఏం జేస్తవు బిడ్డా, తలకింద పెట్టుకుంటవా?" అన్నాడు తాత. తలకింద కాదు, నేరుగా తలకే ఎక్కించుకున్నాను. పనివాళ్లకు దెబ్బ తగిలితే యజమాని పరిహారం ఇవ్వాలట. ఆ భారం మోయడానికి యజమాని బీమా కంపెనీకి ఏటా ప్రీమియం కట్టవచ్చట. ఆ ప్రీమియం రేటు అందరికీ ఒకటే ఉండదట. కుర్చీలో కూర్చుని రాసేవాడి పని ఒక తరగతి, నిచ్చెనెక్కి సున్నం వేసేవాడిది ఇంకో తరగతి. ప్రమాదం ఎంత ఉంటే ప్రతి వంద రూపాయల కూలికీ రేటు అంత. ఏ పనికి ఎంతో కంపెనీల దగ్గర పట్టికలు ఉంటాయట. దానిమీద ఆ యజమాని దగ్గర ఇంతకుముందు ఎన్ని దెబ్బలు తగిలాయో చూసి రేటు పెంచడమో తగ్గించడమో చేస్తారట. ఇది చదివాక నాకు లోకమంతా తరగతులుగా కనబడసాగింది. బస్సులో కండక్టర్ను చూసి "మీరు రెండో తరగతి" అన్నాను. ఆయన టిక్కెట్టు ఇవ్వకుండా నన్ను కిందికి దింపాడు.

అప్పట్లో నేను గొడుగు మేస్త్రి దగ్గర రాతగాణ్ని. ఆయన రైతుల పామాయిల్ తోటల్లో గెలలు కోయించి ట్రాక్టర్లో ఫ్యాక్టరీకి పంపే కాంట్రాక్టు చేసేవాడు. నేను హాజరు, తూకం రాసేవాణ్ని. ముఠాలో సగం మంది మా పల్లె వాళ్లు, సగం మంది అడవి గూడేల నుంచి వచ్చే కోయ కుటుంబాల వాళ్లు. పామాయిల్ సంగతి తెలియని వాళ్లకు ఒక మాట చెప్పాలి. చెట్టు చిన్నగా ఉన్నప్పుడు గెల నడుమెత్తులో ఉంటుంది. నిలబడి ఉలితో పొడిచి కోయవచ్చు. చెట్టు పెరిగాక గెల తాటి చెట్టంత ఎత్తుకు పోతుంది. అప్పుడు పొడుగాటి అల్యూమినియం గడ కొనకు కొడవలి బిగించి, కింద నిలబడి, మెడ విరుచుకుని పైకి చూస్తూ కోయాలి. ముందు మట్ట తెగిపడుతుంది, దాని వెనకే చిన్న దూడంత బరువున్న గెల. కోసేవాడు "పడ్తాందో!" అని కేక వేస్తాడు. ఆ కేక వినబడగానే చుట్టూ ఉన్నవాళ్లు ఏం చేస్తున్నా వదిలేసి పక్కకు తప్పుకోవాలి. అది ముఠా కట్టుబాటు. మా మేస్త్రి పెద్ద తోటలోకి గొడుగు లేకుండా ఏనాడూ అడుగు పెట్టేవాడు కాదు. ఎండకూ కాదు, వానకూ కాదు. పైనుంచి పడే గెలను గుడ్డ గొడుగు ఆపుతుందని ఆయన నమ్మకం. అందుకే ఆ పేరు.

ఆ ముఠాలో గడ పట్టడంలో పేరున్నవాడు మా బావ, అక్క మొగుడు. ముందటి ఎండాకాలం పక్క ముఠాలో ఒకతని గడ తోట మీదుగా పోయే కరెంటు తీగకు తగిలింది. మనిషి బతికాడు గానీ కుడి చెయ్యి పనికి రాకుండా పోయింది. ఆ ముఠాకు బీమా ఉంది. ఉంది గానీ, రేటు తక్కువ పడుతుందని వాళ్ల కాంట్రాక్టరు కాగితంలో కలుపు తీసే పని, పాదులు చేసే పని అని రాయించుకున్నాడు. గడ పని సంగతి మాకు చెప్పలేదు కదా అని కంపెనీ చేతులెత్తేసింది. ఆ కబురు విన్న రోజు మా అక్క నన్ను పొయ్యి దగ్గరే నిలబెట్టింది.

"తరగతులు గిరగతులు అని పొద్దందాక చెప్తవు గదరా. మీ బావకు ఏమన్నైతే కంపెనీ ఇస్తదా, ఇయ్యదా? గదొక్కటి చెప్పు."

"కాగితంలో ఏం రాస్తరో దాన్ని బట్టి అక్కా."

"రాసేదెవరు?"

"నేనే."

"మరింకేంది?" అని అక్క కూర కలపడంలో పడిపోయింది. ఇటుకంత పుస్తకంలో నాకు దొరకని తెగువ ఆ రెండు ముక్కల్లో దొరికింది.

ఆ ఏడు ఫ్యాక్టరీ వాళ్లు కూలీల ఇన్సూరెన్స్ ఉంటేనే కోత కాంట్రాక్టు ఇస్తామన్నారు. మేస్త్రి నన్ను పిలిచి, కంపెనీ ఫారం ముందు పెట్టి, "పనేంది అన్న కాడ తోట పని అని రాయి" అన్నాడు. అది అబద్ధమన్నాను. "అబద్ధమేందిరా? గిది తోట కాదా? గీళ్లు చేసేది పని కాదా?" అన్నాడు. న్యాయానికి ఒప్పుకోవాలి, ఆ వాదనకు నా పుస్తకంలో జవాబు లేదు. అయినా రాయనన్నాను. గడ కోత అని రాస్తే తను ఊరుకోనన్నాడు. ఇద్దరం మొండికెత్తాం. ఆయనకు సంతకం దాటి రాసే అలవాటు లేదు, నాకు ఆయన చెప్పింది రాసే ఉద్దేశం లేదు. చివరికి ఆ గడి ఖాళీగానే కంపెనీకి పోయింది. ఖాళీ గడిని చూసి కంపెనీ వాళ్లు, మా అధికారి వచ్చి కళ్లారా చూసి రేటు వేస్తారని ఖమ్మం నుంచి కబురు పెట్టారు.

మేస్త్రి పెళ్లిచూపులకు పిల్లను తయారు చేసినట్టు ముఠాను తయారు చేశాడు. వాగుకు ఇవతల లేత తోట, అవతల పెద్ద తోట. గడలన్నీ అవతలికి మోయించి మట్టలు కప్పించాడు. లేత తోటలో గడ్డి చెక్కించాడు. బావతో సహా గడ పట్టేవాళ్లందరికీ ఆ రోజు సెలవన్నాడు; భోజనానికి మాత్రం రమ్మన్నాడు. ఆడవాళ్లకు ఉలులిచ్చి, "నవ్వుకుంట కోయాలె" అని నేర్పించాడు. "నవ్వుకుంట ఉలి పొడిస్తే కాలి మీద పడ్తది మేస్త్రీ" అంది కోయ పిల్ల ఒకతె, తన భాషలో ఇంకేదో కలిపింది. గూడెం వాళ్లంతా పొట్ట పట్టుకుని నవ్వారు. అదేంటో మేస్త్రికి ఇప్పటికీ తెలియదు, నాకు తెలుసు, రాయను.

ఇక నా ఎత్తు. నిజం చెబుతున్నాను, ఆ ఎత్తుకు నేను ఇప్పటికీ సిగ్గుపడడం లేదు. వచ్చిన అధికారికి నాటుకోడి కూర పెట్టకుండా పంపడం మా వైపు కుదరదు. వంట అక్కది. లేత తోటలో నీడా లేదు, నీళ్లూ లేవు కాబట్టి పొయ్యి వాగు దాటి పెద్ద తోటలో పెట్టమని అక్కకు చెప్పాను. మేస్త్రి వచ్చి చూసేసరికి కోడి సగం ఉడికింది. ఉడుకుతున్న కూరను ఎత్తుకుని వాగు దాటమనే ధైర్యం ఏ కాంట్రాక్టరుకూ ఉండదు.

వచ్చిన అధికారి ఒక మేడం. మధిర వైపు మనిషి, మాట మెత్తగా ఉంటుంది. లేత తోటంతా తిరిగింది, నడుమెత్తు గెలలు చూసింది, నవ్వలేక నవ్వుతున్న ఆడవాళ్లను చూసింది. "పని సులువుగానే ఉందండీ, నేల మీద నిలబడి చేసేదేగా" అంది. మేస్త్రి ముఖం పున్నమి చంద్రుడయింది.  నేను ముందుకు తోసుకుని వెళ్లి, "మేడం, మీ పట్టికల ప్రకారం ప్రమాద తరగతి నిర్ణయించేటప్పుడు పనిముట్టు పొడవును పరిగణించవలసి ఉంటుంది" అని పుస్తకంలోని భాష పుస్తకంలో ఉన్నట్టే అప్పజెప్పాను. ఆమె నన్ను పైనుంచి కిందికి చూసి, "ఏ పుస్తకంలో చదివావు తమ్ముడూ? ఆ పట్టికలు తీసేసి ఏళ్లయింది. ఇప్పుడు ఏ కంపెనీకి ఆ కంపెనీ చూసుకుని రేటు వేస్తుంది" అంది. ముఠా ముందు నా పరువు గెలకన్నా వేగంగా కింద పడింది. మేస్త్రి నా చెవిలో, "పోయి కుట్టుపని పుస్తకం సదువుకో పో" అన్నాడు.

భోజనానికి వాగు దాటాం. బావ, అతని తోటి కోతగాళ్లు అప్పటికే అక్కడ కూర్చున్నారు. విస్తళ్లు వేశారు. మేడం కూర్చుని తల ఎత్తింది. ఎత్తి, ఇంకా ఎత్తి, అలాగే చూస్తూ ఉండిపోయింది. ఎదురుగా చెట్టుకు ఒక గడ ఆనించి ఉంది. (అన్నిటి మీదా మట్టలు కప్పారు గానీ దాని మీద కప్పలేదు. ఎవరు తీసి నిలబెట్టారో నన్నడగవద్దు.)

"ఇదేంటండీ మేస్త్రి గారూ, ఇంత పొడుగు కర్ర?"

"గదా మేడం? జెండా కర్ర. పంద్రాగస్టుకు."

"కొనకు కొడవలి ఉందేంటి?"

మేస్త్రి గొడుగు దగ్గరికి లాక్కున్నాడు. "మాది ఖమ్మం జిల్లా గద మేడం. కొడవలి జెండా కూడా ఎగరేస్తం."

"మరి సుత్తేదండీ?"

ముఠా అంతా విస్తళ్లలోకి తలలు వంచుకుంది. భుజాలు మాత్రం ఎగిరెగిరి పడుతున్నాయి. మేడం అక్కడితో ఆగలేదు. "ఎండ లేదు, వాన లేదు, ఇంత చల్లటి నీడలో మీకు గొడుగెందుకండీ?" అంది. "అలవాటు మేడం, చిన్నప్పటి సంది" అన్నాడు మేస్త్రి. అక్కడితో అంతా నవ్వులో తేలిపోయేదే, లేత తోట రేటే ఖాయమయ్యేదే. కానీ మా బావ ముద్ద విస్తట్లో పెట్టేసి లేచాడు. ఆయన ముఖం చూసి నాకు అప్పుడే తెలిసింది, ఇది నా ఎత్తులో లేని సంగతి అని.

"మేస్త్రీ, నా గడ జెండా కర్రనా?"

"కూసో, కూసో. తిను."

"ఇన్నేండ్ల సంది మెడ ఇరుసుకుని నీ గెలలు కోస్తున్న. గంత మాటంటవా? జెండా కర్రతోని గెల తెగుతదా, చూద్దువు పా!"

అంటూనే గడ అందుకున్నాడు. మాకు దూరంగా ఉన్న చెట్టే చూసుకున్నాడు, ఆ వైపు ఎవరూ లేరని చూసుకున్నాడు. అంత కోపంలోనూ ఆ జాగ్రత్త మరవలేదు. కొడవలి మట్ట మొదట్లో తగిలించి ఒక్క గుంజు గుంజాడు. మట్ట వేలాడింది. రెండో గుంజుకు ముందు అలవాటు ప్రకారం కేక వేశాడు, "పడ్తాందో!"

అప్పుడు జరిగిందాన్ని నేను తూచి తూచి రాస్తున్నాను. ముఠాలో ఉన్న ప్రతి మనిషీ విస్తరి వదిలి లేచాడు. నేనూ లేచాను. కానీ మా అందరికంటే ముందు లేచినవాడు గొడుగు మేస్త్రి. ముద్ద నోట్లో ఉంది, ఒక చేతిలో గొడుగు టప్పున విచ్చుకుంది, చెప్పులు విస్తరి పక్కనే ఉండిపోయాయి. ఆ వయసులో ఆ పొట్టతో వాగు ఒడ్డు దాకా ఆయన పోయిన పోకడ జింక చూస్తే పక్కకు తప్పుకునేది. గెల చెట్టు కింద దడేలుమంది. కాళ్ల కింద నేల అదిరింది, అక్క పెట్టిన రసం గిన్నె మూత కింద పడి గింగిరాలు తిరిగింది. మూత ఆగాక చూస్తే, కేక అర్థం తెలియని మేడం ఒక్కతే ముద్ద చేతిలో పట్టుకుని అక్కడే కూర్చుని ఉంది.

 ఆమె ముద్ద నోట్లో పెట్టుకుంది, నమిలింది, మింగింది. తరువాత వాగు ఒడ్డున గొడుగు కింద నిలబడ్డ మేస్త్రిని పిలిచి, "మీరే అందరికన్నా ముందు పరుగెత్తారండీ" అంది. మేస్త్రి గొడుగు ముడిచాడు. ఆమె లేచి గెల దగ్గరికి పోయి కాలితో కదిలించబోయింది, అది కదల్లేదు. తలెత్తి పక్క వరుస చెట్ల మీదుగా పోయే కరెంటు తీగను చూసింది. అల్యూమినియం గడను వేలితో తట్టింది. "పట్టికలు పోయాయి తమ్ముడూ" అంది నా వైపు తిరిగి, "కానీ నువ్వు చదివిన మూలసూత్రం పోలేదు. ఏ పనికి ఎంత ప్రమాదమో చూసే రేటు వేస్తాం. యజమాని చెప్పింది వింటాం, తోట చూస్తాం, పనిముట్టు చూస్తాం. యజమాని తనే దేనికి భయపడతాడో ఇంత బాగా చూపించిన చోటు మాత్రం నాకిదే మొదలు." ఎత్తు చెట్ల గెలల కోత, గడకు కట్టిన కొడవలితో, అని తన చేత్తోనే రాసింది. లేత తోటలో ఉలి పనికి వేరే తరగతి, తక్కువ రేటు. గడ పనికి ఎక్కువ రేటు. మేస్త్రి బతిమాలితే ఒక దారి చెప్పింది. తీగల కింద చెట్లకు గడ వాడకండి, తలకు హెల్మెట్లు పెట్టించండి, దెబ్బలు లేకుండా కొన్నేళ్లు గడిస్తే రేటు తగ్గించమని నేనే రాస్తానంది. పోతూ పోతూ ఇంకొంచెం కూర వేయించుకుంది.

కారు మలుపు తిరగగానే మేస్త్రి నా మీద పడ్డాడు. "పొయ్యి గీడ పెట్టిచ్చింది నువ్వే గదరా? రేపటి సంది నా తోటల అడుగు పెట్టకు!"

"పెట్టను. కానీ మేడం రాసింది రాసినట్టే ఉంచున్రి. మారిస్తే ఖమ్మం దాక సైకిల్ తొక్కుత."

"మీ బావ కూడా పోతడు!"

"నేనెందుకు పోత?" అన్నాడు బావ గడ తుడుచుకుంటూ. "నా లెక్క కోసేటోడు నీకు దొర్కుతడా మేస్త్రీ?" దొరకడు. మేస్త్రికి ఆ సంగతి తెలుసు. ఉద్యోగం పోయింది నా ఒక్కడిదే. ఇంటికి వస్తుంటే దారంతా నాకు చొక్కా భుజాల దగ్గర బిగుతుగా అనిపించింది. అంత పొంగిపోయి ఉన్నాను. మరుసటి నెల అక్క పెట్టే అన్నం తింటూ ఖాళీగా కూర్చున్నప్పుడు అదే చొక్కా కాస్త వదులైంది, అది వేరే సంగతి.

తరువాతి వానాకాలం తడి మట్ట ఒకటి జారి మా బావ భుజం మీద పడింది. కాలర్ ఎముక విరిగింది. భద్రాచలం దవాఖానాలో కట్టు కట్టించి, నేను కాగితాలు పట్టుకుని తిరిగాను. ఈసారి కంపెనీ చేతులెత్తలేదు. ఎత్తడానికి దారే లేదు. చేసే పని ఏదో కాగితంలో ఉన్నది ఉన్నట్టు ఉంది. బావ గడ పట్టలేకపోయినన్ని నాళ్లూ ఆయన కూలిలో కొంత భాగం ఇంటికి వచ్చింది. మొదటిసారి వచ్చిన రోజు అక్క డబ్బును కొంగున ముడి వేసుకుని, నన్ను చూసి, "ఇచ్చిన్రు" అంది. ఆ ఒక్క మాటే. నేను చదివిన పుస్తకాలన్నిటికీ కలిపి నాకు దొరికిన సర్టిఫికెట్టు అదే.

మేస్త్రి కూడా మారాడు. మంచితనంతో కాదు, రేటు భయంతో. ఒక్క దెబ్బ లెక్కకెక్కింది, ఇంకోటి ఎక్కితే రేటు ఇంకా పెరుగుతుందని ఎవరో చెప్పారు. ఆ రోజు నుంచి ముఠా మీద కన్నతల్లిలా కాపలా కాశాడు. తీగల కింద చెట్లను తనే సున్నంతో గుర్తు పెట్టాడు. అందరికీ హెల్మెట్లు తెచ్చాడు. "తట్ట బోర్లించుకున్నట్టుంది మేస్త్రీ" అని బావ తీసేయబోతే, "నీ తలకాయ నీది కాదురా, నా రేటుది. పెట్టు!" అని అరిచాడు. ఆ ముఠాలో మళ్లీ ఎముక విరగలేదు. మేడం మాట నిలబెట్టుకుంది, రేటూ తగ్గింది. కావాలంటే దాన్ని తన గొప్పతనంగా చెప్పుకోనివ్వండి, నాకు అభ్యంతరం లేదు. పరుగును మాత్రం చేతులు కడుక్కోవడమంటే ఒప్పుకోను. ఎప్పటికీ ఒప్పుకోను.

ఈ సంగతి ఇంతదాకా రావడానికి సాయపడిన వాళ్లకు పేరుపేరునా కృతజ్ఞతలు చెప్పాలి. పాతబడిన పుస్తకాన్నయినా దుమ్ము దులిపి ఇచ్చిన లైబ్రరీ తాతకు. పొయ్యి ఎక్కడ పెట్టాలో ఒక్క మాటకే అర్థం చేసుకున్న అక్కకు. జెండా కర్ర అన్నందుకు లేచి నిలబడ్డ బావకు. కదలకుండా కూర్చున్న ఇన్సూరెన్స్ మేడంకు. గడను ఎవరు నిలబెట్టారో చివరిదాకా చెప్పని ఆ గూడెం కోయ పిల్లకు. కదిలిన గొడుగు మేస్త్రికి కూడా. ఆయన కదలకపోతే ఏమయ్యేదో.

ఆఖరున ఆ రాతగాడు కుర్రాడికి, అంటే ఆనాటి నాకు. వాడు సగం తప్పు పుస్తకంతో, పూర్తి ధైర్యంతో ముందుకు తోసుకుని పోయాడు. ఇప్పుడు నాకు అంతకన్నా మంచి పుస్తకాలు తెలుసు. ఏదైనా కాగితం ముందుకు వస్తే నెమ్మదిగా కళ్లద్దాలు పెట్టుకుని, రెండుసార్లు చదివి, ఎవరినీ నొప్పించకుండా మాట్లాడడం నేర్చుకున్నాను. అప్పుడప్పుడు ఆ అద్దాలు తుడుచుకుంటూ, వాడే ఇక్కడ ఉంటే ఈపాటికి లేచి నిలబడి ఉండేవాడు కదా అనిపిస్తుంది. నాలో నేనే నవ్వుకుని, లేచి నిలబడతాను.